గంట టి.వి. బొమ్మ పెన్‌డ్రైవులో ఎట్లా పట్టింది?

పిల్లలూ,

పోయిన శనివారం రాత్రి భోజనాలయ్యాక టి.వి. గదిలో తేనెటీగల కార్యక్రమం చూశాం కదా. అయిపోయాక మీరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు: "సార్, ఇంత చిన్న పెన్‌డ్రైవులో అన్ని గంటల బొమ్మలు ఎట్లా పట్టాయి?" రెండోది ఆరో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, మీ ఇంట్లో చూసినప్పుడు తెలుగులోనే చెప్పారన్నారు కదా, మాకు హిందీలో ఎందుకు వచ్చింది?"

మొదటి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టేలోపే పడుకునే గంట కొట్టారు. రెండో ప్రశ్నను మాత్రం నేనే దాటేశాను. తప్పు నాది కాబట్టి. ఆలోచించి చూస్తే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే పాఠంలో ఉంది. అందుకే గోడపత్రికలో రాస్తున్నాను. అంకెలు చూసి భయపడకండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

1. ముందు లెక్క చూద్దాం

టి.వి.లో బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది కదలని బొమ్మల వరుస. మన దేశంలో మామూలు (హెచ్.డి. కాని) టి.వి. ప్రసారంలో సెకనుకు 25 బొమ్మలు వస్తాయి. ఒక్కో బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 చుక్కలు. అంటే

720 × 576 = 4,14,720 చుక్కలు.

ఒక్కో చుక్క రంగు చెప్పడానికి ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు కావాలి. ఒక్కో అంకెకు కంప్యూటరులో ఒక బైటు చోటు పడుతుంది. కాబట్టి

ఒక బొమ్మకు: 4,14,720 × 3 = 12,44,160 బైట్లు
ఒక సెకనుకు: 12,44,160 × 25 = 3,11,04,000 బైట్లు
ఒక గంటకు: 3,11,04,000 × 3,600 = 11,197 కోట్ల 44 లక్షల బైట్లు.

100 కోట్ల బైట్లను ఒక జి.బి. అంటారు. అంటే ఒక్క గంట బొమ్మకే దాదాపు 112 జి.బి. కావాలి. నా జేబులో ఉన్న పెన్‌డ్రైవు 8 జి.బి.ది. ఇట్లా అయితే అందులో నాలుగు నిమిషాలకు కాస్త పైన బొమ్మ మాత్రమే పడుతుంది. అయినా మనం గంటలకు గంటలు చూశాం. మరి ఆ మిగిలిన బైట్లన్నీ ఏమయ్యాయి?

2. అడ్డాకుల కట్ట, మామిడి తాండ్ర

సామాను తగ్గించడానికి రెండు దారులున్నాయి. రెండూ మీ ఇళ్ళలో చూసినవే.

అడవి నుంచి తెచ్చిన అడ్డాకులను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి కట్ట కడతారు. గంపెడు ఆకులు చిన్న కట్టవుతాయి. కట్ట విప్పితే ఎన్ని ఆకులు పెట్టామో అన్ని ఆకులూ ఉంటాయి. ఒక్కటీ పోదు.

మామిడి తాండ్ర అట్లా కాదు. తొక్క తీసేస్తాం, టెంక పారేస్తాం, నీరు ఎండకు పోతుంది. గంపెడు పళ్ళు చాపంత తాండ్రగా మిగులుతాయి. రుచి ఉంటుంది, నిల్వ ఉంటుంది. కానీ తాండ్రను మళ్ళీ మామిడిపండు చేయమంటే ఎవరి వల్లా కాదు.

కంప్యూటరు టి.వి. బొమ్మను కుదించేటప్పుడు ఈ రెండు పనులూ చేస్తుంది. కొంత కట్ట కడుతుంది, కొంత తాండ్ర చేస్తుంది. కట్ట కట్టినది తిరిగి వస్తుంది. తాండ్ర చేసినది తిరిగి రాదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే ఈ పాఠం సగం వచ్చినట్టే.

3. హాజరు పట్టీ పద్ధతి

మన తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. రోజూ హాజరు వేసేటప్పుడు "1 వచ్చాడు, 2 వచ్చాడు, 3 వచ్చింది" అని 40 సార్లు రాయనక్కరలేదు. "నిన్నటి లాగే. 12 రాలేదు, 19 వచ్చింది" అని రాస్తే సరిపోతుంది. నిన్నటి పట్టీ దగ్గరుంటే ఈ రోజు పట్టీ పూర్తిగా తెలిసిపోతుంది.

టి.వి. బొమ్మలకూ ఇదే పద్ధతి. వార్తలు చదివే ఆవిడ వెనక గోడ ఈ సెకనులోనూ అదే, వచ్చే సెకనులోనూ అదే. మారేది పెదవులు, కళ్ళు, కొంచెం తల. కాబట్టి కంప్యూటరు మొదట ఒక బొమ్మను పూర్తిగా రాసుకుంటుంది. ఆ తరవాత వాటికి "ముందు బొమ్మ లాగే, ఇక్కడ మాత్రం ఈ తేడా" అని రాసుకుంటూ పోతుంది. బస్సు రోడ్డు మీద పోతుంటే బస్సును మళ్ళీ మళ్ళీ రాయదు. "ఈ ముక్క కుడివైపు ఆరు చుక్కలు జరిగింది" అని రాస్తుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. సోమవారం పట్టీ చిరిగిపోతే మంగళవారం నుంచి అన్నీ తప్పుతాయి. అందుకని మధ్యమధ్యలో పూర్తి పట్టీ మళ్ళీ రాయాలి. టి.వి. ప్రసారంలో సుమారు అర సెకనుకు ఒకసారి పూర్తి బొమ్మ పంపుతుంటారు. ఎందుకంటే, ఎవరో అప్పుడే ఛానలు మార్చి ఇటు వస్తారు. వాళ్ళ దగ్గర ముందు బొమ్మ ఉండదు. పూర్తి బొమ్మ అందేదాకా వాళ్ళకు ఏమీ కనబడదు. వానలో డిష్ సరిగా అందనప్పుడు బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి, ఉన్నట్టుండి మళ్ళీ బాగుపడటం చూసే ఉంటారు. ఆ బాగుపడిన క్షణంలో పూర్తి బొమ్మ వచ్చిందన్నమాట.

4. కన్ను పట్టించుకోనిది

ఇప్పుడు తాండ్ర సంగతి. మన కంటికి వెలుగు-నీడల తేడా బాగా తెలుస్తుంది. రంగుల చిన్న చిన్న తేడాలు అంతగా తెలియవు. సాయంత్రం మసక చీకట్లో ఎదురుగా వచ్చేది ఆవో మనిషో చెప్పగలం గానీ, ఆ మనిషి చొక్కా నీలమో ఆకుపచ్చో చెప్పలేం. దీన్ని ఆసరా చేసుకుని, వెలుగును ప్రతి చుక్కకూ రాసుకుని, రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారి రాసుకుంటారు. దీంతోనే 112 జి.బి. సగమై 56 జి.బి. అవుతుంది. చూసేవాళ్ళకు తేడా కనిపించదు.

ఆ తరవాత బొమ్మను చిన్న గళ్ళుగా కోస్తారు. 8 అడ్డం, 8 నిలువు, అంటే గడికి 64 చుక్కలు. ఆ 64 అంకెలను ఉన్నవి ఉన్నట్టు రాయకుండా వేరే రకంగా రాస్తారు. డప్పు మోత విన్నప్పుడు అందులో పెద్ద దెబ్బ వేరుగా, గజ్జెల సన్నటి చప్పుడు వేరుగా మనం పోల్చుకుంటాం కదా. అట్లాగే గడిలో నెమ్మదిగా మారే వెలుగు ఎంత, గబగబా మారే సన్నటి గీతలు ఎంత అని విడదీసి 64 కొత్త అంకెలు తయారు చేస్తారు. చాలా బొమ్మల్లో మొదటి కొన్ని అంకెలు పెద్దవిగా, మిగిలినవి చాలా చిన్నవిగా వస్తాయి. అప్పుడు వాటిని ఒక సంఖ్యతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ఉదాహరణ చూడండి.

అసలు అంకెలు: 103, 47, 6, 3, −2, 1
10తో భాగించి సవరిస్తే: 10, 5, 1, 0, 0, 0
మళ్ళీ 10తో గుణిస్తే: 100, 50, 10, 0, 0, 0

చివర మూడు సున్నాలు వచ్చాయి. "ఇక్కడి నుంచి అన్నీ సున్నాలే" అని ఒక్క మాటలో రాసేయవచ్చు. చోటు మిగిలింది. కానీ 103 కాస్తా 100 అయింది, 3 పూర్తిగా మాయమైంది. ఇక అవి తిరిగి రావు. 10కి బదులు 40తో భాగిస్తే 3, 1, 0, 0, 0, 0 వస్తాయి. తిరిగి గుణిస్తే 120, 40, ఆ తరవాత సున్నాలు. ఇంకా చోటు మిగులుతుంది, బొమ్మ ఇంకా మొరటుగా తయారవుతుంది. ఎంత పెద్ద సంఖ్యతో భాగించాలన్నది కుదించేవాడి చేతిలో ఉంటుంది. మొత్తం నష్టం దాదాపు ఈ ఒక్క చోటే జరుగుతుంది.

5. "మరీ సులువు" అన్న ఆలోచన

అంకెలను ఇట్లా విడదీసే లెక్కను 1972లో ఆలోచించిన ఆయన నాసిర్ అహ్మద్. 1940లో బెంగుళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన మనిషి. ఈ పరిశోధనకు డబ్బు కావాలని అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టారు. ఆలోచన మరీ సులువుగా ఉందని డబ్బు ఇవ్వలేదు. ఆయన ఊరుకోలేదు. టి. నటరాజన్, కె.ఆర్. రావు అనే ఇద్దరితో కలిసి పని చేసి 1974 జనవరిలో ఆ లెక్కను ప్రచురించారు. ఈ రోజు ఫోనులో తీసే మామూలు ఫోటో, డి.వి.డి., టి.వి. ప్రసారం అన్నీ ఆ లెక్క మీదో, దాని బంధువు లెక్క మీదో నడుస్తున్నాయి. "ఇది చాలా సులువైన ఆలోచన, ఎవరూ మెచ్చరు" అని మీరెప్పుడైనా అనుకుంటే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

6. ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ ఎందుకు కుదించాలి?

టి.వి. సంస్థ పంపేటప్పుడే బొమ్మను కుదించి పంపుతుంది. డి.వి.డి.లకూ, మొదటి డిజిటల్ ప్రసారాలకూ వాడిన పద్ధతి పేరు ఎంపెగ్-2. అది 1990ల నడుమ తయారైంది. నేను రికార్డు చేసిన ఛానలు ఆ పద్ధతిలోనే సెకనుకు సుమారు 40 లక్షల బిట్లు పంపుతుంది. 8 బిట్లు ఒక బైటు. లెక్క వేయండి:

40,00,000 ÷ 8 = 5,00,000 బైట్లు
5,00,000 × 3,600 = 180 కోట్ల బైట్లు = గంటకు 1.8 జి.బి.

మొదట వేసిన 112 జి.బి.లో ఇది 62వ వంతు. అయినా నాకు సరిపోలేదు. వారానికి ఏడెనిమిది గంటలు రికార్డు చేస్తే నా పాత కంప్యూటరు హార్డ్ డిస్కు కొద్ది నెలల్లోనే నిండిపోయింది. పైగా ఈ పెన్‌డ్రైవులో ఒక్కో ఫైలు 4 జి.బి.కి మించకూడదు. పాతకాలపు అమరిక అది. రెండున్నర గంటల కార్యక్రమం అయితే అందులోకి ఎక్కనే ఎక్కదు.

2003లో హెచ్.264 అనే కొత్త పద్ధతి వచ్చింది. బొమ్మ బాగు అంతే ఉంచి, ఎంపెగ్-2కు పట్టే చోటులో సుమారు సగంతో సరిపెట్టగలదు. ముందున్న ఒక్క బొమ్మనే కాకుండా వెనకటి చాలా బొమ్మలను చూసి "ఇది ఎక్కడో చూశానే" అని పోల్చుకుంటుంది. గళ్ళను అవసరాన్ని బట్టి చిన్నవిగా కోస్తుంది. ఇంకో సంగతి, టి.వి. సంస్థకు తీరిక ఉండదు. బొమ్మ వస్తుండగానే కుదించి పంపాలి. ఇంట్లో కంప్యూటరుకు రాత్రంతా తీరికే. అర సెకనుకు ఒక పూర్తి బొమ్మ రాయవలసిన అవసరం కూడా లేదు. ఛానలు మార్చి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు కదా! పది సెకన్లకు ఒకటి ఉన్నా సరిపోతుంది.

ఇట్లా సెకనుకు 15 లక్షల బిట్లకు తగ్గించాను. గంటకు 67 కోట్ల 50 లక్షల బైట్లు, అంటే ముప్పావు జి.బి. కూడా కాదు. 8 జి.బి. పెన్‌డ్రైవులో నాలుగు గంటల బదులు దాదాపు పన్నెండు గంటలు పట్టాయి. ఎనిమిదో తరగతి అబ్బాయికి జవాబు ఇదే.

అయితే జాగ్రత్త. తాండ్రను మళ్ళీ తాండ్ర చేస్తున్నాం. ఒకరి నోట్సు చూసి ఒకరు, వాళ్ళది చూసి ఇంకొకరు ఎక్కించుకుంటే ప్రతిసారీ కొన్ని తప్పులు చేరినట్టే, కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది. ఒకసారికి మించి చేయకూడదు.

7. తనంతట తానే ఎట్లా చేస్తుంది?

ఈ పని నేను పక్కన కూర్చుని చేయను. నా పాత కంప్యూటరుకు గంట కార్యక్రమం కుదించడానికి రెండు గంటలు పడుతుంది. అంతసేపు కూర్చుంటే మీ నోట్సులు దిద్దేదెప్పుడు?

ఇది నేను కనిపెట్టిన పని కాదు. టి.వి. కార్యక్రమాలను హార్డ్ డిస్కు మీద దాచే పెట్టెలు అమెరికాలో 1999లో అమ్మకానికి వచ్చాయి. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన మామూలు ఇంటి కంప్యూటరునే అట్లాంటి పెట్టెగా మార్చే మిత్‌టీవీ అనే ప్రోగ్రాం మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అక్కడి హెచ్.డి. ప్రసారం సెకనుకు 1 కోటి 93 లక్షల 90 వేల బిట్ల వరకు ఉంటుంది. అంటే గంటకు 8 జి.బి. దాటిపోవచ్చు. ఆ రోజుల్లో ఇళ్ళలో హార్డ్ డిస్కులు 80, 120 జి.బి.లవి. పదీ పదిహేను గంటలు రికార్డు చేస్తే చోటు అయిపోయేది. అందుకే రికార్డింగు ముగియగానే ఫలానా పని చెయ్యి అని ముందే చెప్పిపెట్టే ఏర్పాటు ఆ ప్రోగ్రాంలో పెట్టారు. కుదించే పనికి 2000లో మొదలైన ఎఫ్ఎఫ్ఎంపెగ్, 2003లో మొదలైన హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలు దొరికాయి. ఇప్పటికీ ఇవి అందరూ వాడుతున్నారు. నేనూ వీటిలో మొదటిదే వాడతాను.

కంప్యూటరుకు నేనొక ఆదేశాల చీటీ రాసి పెట్టాను. "రోజూ రాత్రి రెండు గంటలకు లేచి ఈ చీటీ చదివి చెయ్యి" అని చెప్పాను. మొదట రాసిన చీటీలో మూడే మాటలు:

ఒకటి, రికార్డింగుల ఫోల్డరులో కొత్త ఫైలు ఉందా చూడు.
రెండు, ఉంటే కుదించు.
మూడు, కుదించడం అయిపోగానే అసలు ఫైలు చెరిపేయి.

ఎంత చక్కగా ఉందో అనుకున్నాను. పొద్దున లేచేసరికి చోటు ఖాళీ.

8. నా పొరపాటు

ఇప్పుడు రెండో ప్రశ్న. తేనెటీగల కార్యక్రమం వచ్చిన ఛానలు ఒకే బొమ్మతో పాటు రెండు భాషల మాటలు పంపుతుంది. మొదటి వరుసలో హిందీ, రెండో వరుసలో తెలుగు. ఇంట్లో చూసేటప్పుడు రిమోటుతో తెలుగు పెట్టుకుని చూశాను. రికార్డు అయిన ఫైలులో రెండూ ఉన్నాయి.

కుదించే ప్రోగ్రాం మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక్క మాటల వరుసనే ఉంచుతుంది. నేను చెప్పలేదు. అది హిందీ ఉంచి తెలుగు వదిలేసింది. తరవాత చీటీలో రాసిన ప్రకారం అసలు ఫైలు చెరిపేసింది. చీటీతో చెరిపిన ఫైలు చెత్తబుట్టలో కూడా ఉండదు. కంప్యూటరు లెక్కలో పని విజయవంతంగా పూర్తయింది. ఎక్కడా ఎర్ర అక్షరం కనిపించలేదు. రసం పారబోసి టెంక దాచుకున్నట్టయింది నా పని.

మీకు చూపించే ముందు నేను ఒక్క నిమిషం చూసినా తెలిసేది. చూడలేదు. మీరు అరగంట సేపు అర్థంకాని మాటలు వింటూ కూర్చున్నారు. మీలో తేనె తీసే ఇళ్ళ పిల్లలు ఇద్దరు లేచి, తెర మీద ఈగలు ఏం చేస్తున్నాయో తమ తాతల దగ్గర విన్నది మిగతావాళ్ళకు చెప్పారు కాబట్టి ఆ రాత్రి వృథా కాలేదు. ఆ కార్యక్రమం మళ్ళీ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో నాకు తెలియదు.

ఇంకో లోపం కూడా జరిగింది. ఈగల గుంపు లేచినప్పుడు బొమ్మ అలుక్కుపోయినట్టు, గళ్ళు గళ్ళుగా కనిపించింది కదా. హాజరు పట్టీ సంగతి గుర్తు తెచ్చుకోండి. రోజూ ఒకరిద్దరు మారితే పట్టీ చిన్నది. నలభై మందీ మారిపోతే "నిన్నటి లాగే" అన్న మాట పనికిరాదు. వేల ఈగలు తలో దిక్కు ఎగిరితే అంతే. వాన, గాలికి ఊగే ఆకులు, ఏటి అలలు, ఇవన్నీ కుదించడానికి కష్టమైనవే. నేను వార్తలకూ ఈగలకూ ఒకే కొలత ఇచ్చాను, సెకనుకు 15 లక్షల బిట్లు. వార్తలకు అది ఎక్కువ, ఈగలకు తక్కువ. ఒకే కొలత చొక్కా అందరికీ కుట్టించినట్టు.

9. ఇప్పుడు మార్చి రాసిన చీటీ

ఆ మర్నాడు ఆదివారం కూర్చుని చీటీ మళ్ళీ రాశాను. మీలో ఎవరైనా రేపు కంప్యూటరు పని నేర్చుకుంటే పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

ఒకటి. కొత్త ఫైలు ఉందా చూడు. ఉంటే దాని సైజు ఇంకా పెరుగుతోందా చూడు. పెరుగుతుంటే రికార్డింగు సాగుతున్నట్టే, దాని జోలికి పోకు.

రెండు. డిస్కులో చాలినంత చోటు ఉందా చూడు. లేకపోతే ఆగిపో.

మూడు. కుదించు. మాటల వరుసలు ఎన్ని ఉంటే అన్నీ ఉంచు. బొమ్మకు బిట్ల లెక్క పెట్టకు, బాగు లెక్క పెట్టు. (ఈ ప్రోగ్రాంలో బాగుకు 0 నుంచి 51 వరకు అంకెలుంటాయి. అంకె తగ్గే కొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెద్దదవుతుంది. మనం చెప్పకపోతే 23 తీసుకుంటుంది. నేను 20 పెట్టాను. ఇప్పుడు ఈగలకు కావలసినంత, వార్తలకు కావలసినంత అదే చూసి ఇస్తుంది.)

నాలుగు. పని సాగుతున్నంతసేపు కొత్త ఫైలుకు "సగం" అని పేరు ఉంచు. పూర్తయ్యాకే అసలు పేరు పెట్టు. (మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది. పేరు చూడగానే తెలిసిపోవాలి. మన ఊళ్ళో ఇది ముఖ్యం.)

అయిదు. పాత ఫైలు ఎన్ని నిమిషాలో, కొత్తది అన్ని నిమిషాలు ఉందా చూడు. మాటల వరుసలు రెండింట్లో సమానమా చూడు. తేడా వస్తే నాకు ఒక చీటీ రాసి పెట్టి ఆగిపో.

ఆరు. అన్నీ సరిపోతే అసలు ఫైలును "పాతవి" అనే ఫోల్డరులోకి జరుపు. చెరపకు.

ఏడోది కంప్యూటరుకు కాదు, నాకు. కొత్త ఫైలు మొదట, మధ్యలో, చివర ఒక్కో నిమిషం కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి. ఆ తరవాత నా చేత్తో నేనే పాతది చెరపాలి.

ఈ ఏడో పని కూడా యంత్రానికే అప్పజెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నిమిషాలు లెక్కపెట్టడం దానికి వచ్చు. అందులో మనకు ఏది కావాలో దానికి తెలియదు. తెలుగు మాట ఉందో లేదో అది చూడగలదు, మనం చెబితేనే. చెప్పాలని మనకు తట్టాలి.

10. ప్రకటనల సంగతి

ప్రకటనలు తీసేయలేదా సార్ అని కూడా ఒకరు అడిగారు. తీసే ప్రోగ్రాంలు ఉన్నాయి. కార్యక్రమానికీ ప్రకటనకూ మధ్య ఒక్క క్షణం తెర నల్లబడి చప్పుడు ఆగుతుంది. మూల ఉండే ఛానలు గుర్తు కొన్నిసార్లు ప్రకటనల్లో కనిపించదు. ఇట్లాంటి ఆనవాళ్ళు చూసి ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ప్రకటన అని ఊహిస్తాయి. అది ఊహే. చీకటి గుహ చూపించి, మాట ఆపితే దాన్ని కూడా ప్రకటన అనుకోవచ్చు. అందుకే గుర్తు పెట్టమంటాను గానీ కోయమనను. ఒక మాట: మనం చదువుకోవడానికి దాచుకుంటున్నాం. ఇట్లా తీసిన కాపీలు అమ్మడం చట్టప్రకారం తప్పు.

11. చేసి చూడండి

గళ్ళ కాగితం మీద 8 × 8 గడి గీయండి. అందులో ఏదైనా బొమ్మ, చెట్టో ఇల్లో, నల్ల గళ్ళు తెల్ల గళ్ళతో వేయండి. మీ స్నేహితుడికి బొమ్మ చూపించకుండా, ఒక్కో వరుస ఇట్లా చదవండి: "తెలుపు 5, నలుపు 2, తెలుపు 1." అతను విని బొమ్మ గీయాలి. సరిగ్గా వస్తే మీరు అడ్డాకుల కట్ట కట్టి విప్పినట్టే. ఇప్పుడు చదరంగం బల్ల లాగా ఒక నలుపు ఒక తెలుపు వేసి చదవండి. కుదించడం పోయి మాటలు ఇంకా పెరుగుతాయి! అన్నిటినీ కుదించలేమని అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్నలు

1. 32 జి.బి. పెన్‌డ్రైవులో గంటకు 1.8 జి.బి. చొప్పున ఎన్ని గంటలు పడతాయి? గంటకు 0.675 జి.బి. చొప్పున అయితే?
2. 103, 47, 6, 3, −2, 1 అంకెలను 20తో భాగించి సవరించి, మళ్ళీ గుణించండి. ఏవి మాయమయ్యాయి?
3. థింసా నాట్యం ఒకటి, మాస్టారు నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పే పాఠం ఒకటి, రెండూ అరగంటవే. ఒకే బాగుతో కుదిస్తే ఏ ఫైలు పెద్దదవుతుంది? ఎందుకు?
4. నా మొదటి చీటీలో ఎన్ని తప్పులున్నాయి? నేను చెప్పనివి కూడా కనిపెట్టినవాళ్ళకు ఒక పెన్ను.

జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. సరైనవి వచ్చే సంచికలో పేర్లతో వేస్తాం.

చివరగా ఒక మాట. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీలో కొందరు అవ్వ చెప్పే కథో, తాత పాటో ఫోనులో రికార్డు చేసుకు వస్తున్నారు. చాలా మంచి పని. ఫోను రికార్డు చేసేటప్పుడే ఒకసారి కుదించేస్తుంది. చోటు చాలడం లేదని ఇంకొకసారి కుదించి అసలుది చెరిపేయకండి. ముందు నా దగ్గరికి తీసుకురండి. ఇంకొక చోట కాపీ పెట్టుకుని, విని చూసి, ఆ తరవాత ఆలోచిద్దాం. టి.వి. కార్యక్రమం మళ్ళీ ఎప్పుడైనా వేస్తారేమో అని ఎదురు చూడవచ్చు. అవ్వ చెప్పింది మళ్ళీ వేసే ఛానలు లేదు.

— మీ లెక్కల సార్